అహంకారం, మొండితనం గురించి బైబిల్లో ఏ కథ చదవాలి? నాకైతే ముందు గుర్తొచ్చేది నయమాను

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను తమ్ముడూ. నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. మీరు తిరుపతిలో ఉద్యోగం చేస్తున్నారు, మీ నాయన పలమనేరు పక్కన పల్లెలో ఉన్నారు. మూడేళ్ల కిందట చెల్లెలి పెళ్లిలో, డబ్బు లెక్కల దగ్గర, బంధువులందరి ముందు ఆయన మీద నోరు పారేసుకున్నారు. తప్పు మీదేనని ఆ రాత్రికే తెలిసిపోయింది. అప్పట్నుంచి నెలనెలా డబ్బు పంపిస్తున్నారు, ఆయన ముట్టుకోవడం లేదు. ఈ ఏడాది పాత ఇంటికి స్లాబు వేయించి ఆయన మనసు గెలవాలని అనుకుంటున్నారు. మీ అమ్మేమో ‘అవన్నీ ఎందుకురా, వచ్చి ఒక్కసారి నాయనా అని పిలువు చాలు’ అంటోంది. ఆ ఒక్కటే మీ వల్ల కావడం లేదు. మీ చర్చిలో ఐగుప్తు (ఈజిప్టు) రాజు ఫరో కథ చెప్పారు, విన్నాక భయం పెరిగిందే తప్ప దారి కనపడలేదు. మొండితనం గురించి ఇంకే కథ చదవాలి అని అడిగారు.

రెండవ రాజుల గ్రంథం 5వ అధ్యాయం చదవండి. సిరియా సైన్యాధిపతి నయమాను కథ. మొత్తం 27 వచనాలే, పావుగంట కూడా పట్టదు. స్లాబు పని ప్రస్తుతానికి ఆపండి. ముందు మనిషిగా వెళ్లి నాయనను పిలవండి. ఎందుకు అంటున్నానో కింద రాస్తాను. చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో 28 ఏళ్లు పాస్టరుగా పనిచేశాను. అన్నదమ్ముల మధ్య, తండ్రీకొడుకుల మధ్య మాటలు ఆగిపోయిన ఇళ్లు చాలా చూశాను. పుస్తకంలో చదివిన దానికంటే ఆ ఇళ్లలో చూసిందే ఎక్కువ రాస్తాను.

ముందు ఫరో గురించి రెండు మాటలు. ఆ కథ అనవసరమని నేను అనను. అందులో మీరు తప్పకుండా చూడాల్సిన చోటు ఒకటుంది, నిర్గమకాండం 8వ అధ్యాయం. ఇశ్రాయేలు ప్రజలను విడిచిపెట్టనని ఫరో మొండికేస్తే దేశమంతా కప్పలు నిండిపోయాయి. మంచాల మీద, పిండి పిసికే తొట్లలో కూడా కప్పలే. అప్పుడు ఆ ప్రజల నాయకుడు మోషే ‘కప్పలు పోవాలని నేను ఎప్పుడు ప్రార్థన చేయాలో నువ్వే చెప్పు’ అని అడుగుతాడు. ఎవరైనా ‘ఇప్పుడే చెయ్యి’ అంటారు. ఫరో మాత్రం ‘రేపు’ అన్నాడు. ఇంకో రాత్రంతా కప్పలతో పడుకోవడానికైనా ఒప్పుకున్నాడు గానీ, ఆ క్షణంలో తల వంచలేకపోయాడు. మీ మూడేళ్లలో ఇలాంటి ‘రేపు’లు ఎన్నున్నాయో మీకే తెలుసు. ‘సంక్రాంతికి పోతాలే’, ‘ఉగాదికి చూద్దాం’, ‘చెల్లెలి బిడ్డ పేరు పెట్టేటప్పుడు ఎలాగూ కలుస్తాం గదా’. ఇంతవరకే ఫరో మనకు పనికొస్తాడు. మొండితనం చివరికి మనిషిని ఎక్కడికి చేరుస్తుందో ఆ కథ చూపిస్తుంది. మొండివాడు ఎలా మారాడో చూడాలంటే నయమాను దగ్గరికే రావాలి.

కథ తెలియని వాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. నయమాను గొప్ప వీరుడు, రాజుకు ఇష్టుడు. కానీ ఒంటి మీద చర్మరోగం. ఇశ్రాయేలు నుంచి పట్టుకొచ్చిన ఒక చిన్నపిల్ల అతని ఇంట్లో పనిచేస్తోంది. ‘షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గరికి పోతే అయ్యకు నయమవుతుంది’ అని ఆ పిల్ల యజమానురాలితో చెప్పింది. నయమాను బయల్దేరాడు. వెంట పది తలాంతుల వెండి, ఆరు వేల షెకెళ్ల బంగారం, పది జతల బట్టలు. ఈనాటి తూకంలో దాదాపు 340 కిలోల వెండి, 68 కిలోల బంగారం అని పండితుల లెక్క. గుర్రాలు, రథం తీసుకుని ఎలీషా ప్రవక్త గుమ్మం ముందు దిగాడు. ఎలీషా బయటికే రాలేదు. ‘పోయి యొర్దాను నదిలో ఏడుసార్లు మునుగు, బాగవుతావు’ అని మనిషితో చెప్పి పంపాడు.

నయమానుకు కోపం వచ్చింది. ఆ కోపంలో అన్న మాటలే ఈ కథకు ఆయువుపట్టు. ప్రవక్త బయటికి వచ్చి, తన ఎదుట నిలబడి, దేవుని పేరు ఎత్తి, రోగమున్న చోట చెయ్యి ఆడించి బాగుచేస్తాడని ‘నేననుకొంటిని’ అంటాడు. చూడండి, వైద్యం దొరకలేదని కాదు అతని బాధ. తాను అనుకున్నట్టు దొరకలేదని. మనసులో ముందే ఒక దృశ్యం గీసుకున్నాడు, అందులో తానెక్కడ నిలబడాలో, అవతలివాడు ఎలా రావాలో అంతా ఉంది. నిజం ఆ దృశ్యంలా లేకపోయేసరికి, నయం కావడం కూడా అక్కర్లేదని వెనక్కి తిరిగాడు.

తమ్ముడూ, మీ మనసులోనూ అలాంటి దృశ్యం ఒకటి ఉండే ఉంటుంది. కొత్త స్లాబు వేశారు, సున్నం కొట్టారు, ఊరంతా గృహప్రవేశానికి వచ్చింది, మీ నాయన కళ్లలో నీళ్లు, అప్పుడాయనే మిమ్మల్ని దగ్గరికి తీసుకున్నారు. అందులో మీరు ‘తప్పయింది’ అనే చోటు ఉందా? చాలామంది కొడుకులు నాకు ఇలాంటి ప్లాన్లు చెప్పారు. అన్నిటిలోనూ ముందు మాట్లాడేది తండ్రే.

నదుల మాటకొద్దాం. ‘దమస్కు నదులైన అబానా, ఫర్పరు ఇశ్రాయేలు నీళ్లన్నిటి కంటే మంచివి కావా?’ అని నయమాను అడిగాడు. అబానా అంటే ఇప్పటి బరదా నది అని ఎక్కువమంది చెబుతారు. కొండల నుంచి దిగి దమస్కు తోటలను తడిపే నీళ్లు అవి. యొర్దాను దిగువన చూస్తే బురద రంగు, వంకరటింకర. గలిలయ సముద్రం నుంచి మృత సముద్రం దాకా నేరుగా కొలిస్తే నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరానికి, ఆ నది మెలికలు తిరిగి రెండింతలు పారుతుంది. అంటే నయమాను చెప్పింది అబద్ధం కాదు. వాదన సరైనదే. ఇక్కడే నాకు భయం వేస్తుంది. గర్వం ఎప్పుడూ అబద్ధాలే చెప్పదు. నిజాలు కూడా చెప్పి మనల్ని వెనక్కి తిప్పుతుంది. ‘పెళ్లి ఖర్చులో ముప్పాతిక నేనే పెట్టాను’ అని మీరు రాశారు, అది నిజమే అయ్యుండొచ్చు. ఆ నిజాన్ని పట్టుకునే మూడేళ్లు గడిపారు గదా!

ఇంకో సంగతి. ఎలీషా ఉన్న షోమ్రోను కొండ మీది ఊరు. యొర్దాను లోయ సముద్రమట్టానికి దిగువన ఉంటుంది. ఏడుసార్లు మునగడానికి ముందే ఆ సైన్యాధిపతి పొద్దంతా దిగుతూ పోవాలి.

ఇప్పుడు అసలు మలుపు. అతన్ని మార్చింది ప్రవక్త కాదు, రాజు కాదు. వెంట వచ్చిన పనివాళ్లు. ‘ప్రవక్త ఏదైనా గొప్ప పని చెప్పి ఉంటే చేసేవాడివి కావా? స్నానం చేసి శుద్ధుడవు కమ్మంటే అంతకంటే మేలు కాదా?’ అని అడిగారు. హీబ్రూలో ఆ మాట మొదట ‘నా తండ్రీ’ అనే పిలుపు ఉంది. మన తెలుగు బైబిల్లో దాన్ని ‘నాయనా’ అని రాశారు. మన చిత్తూరు వైపు తండ్రిని పిలిచే పిలుపే అది. మీ అమ్మ అడుగుతున్నదీ ఆ ఒక్క మాటే. మీ ప్రశ్నలో ఆ మాట చూసినప్పుడే ఈ కథ రాయాలని అనుకున్నాను.

గర్వమున్న మనిషికి పెద్ద పని సులువు, చిన్న పని కష్టం. పెద్ద పనిలో మనం పెద్దగానే మిగులుతాం. స్లాబు వేయిస్తే మీరు ఇచ్చే చేయి, మీ నాయన పుచ్చుకునే చేయి. క్షమించమని అడిగితే పుచ్చుకునే చేయి మీది అవుతుంది. అందుకే మూడు లక్షల పని తేలికగా, మూడు అక్షరాల పిలుపు బరువుగా అనిపిస్తోంది.

దీన్ని నేను కళ్లారా చూసిన కేసు ఒకటి చెబుతాను. బంగారుపాళ్యం వైపు ఇద్దరు అన్నదమ్ములు. ఇద్దరికీ పక్కపక్కనే మామిడి తోటలు, తోతాపురి చెట్లు. కోతల సమయంలో తమ్ముడి ట్రాక్టరు పోవాల్సిన దారికి అన్న కంచె వేశాడు. ఆ ఏడు తమ్ముడు కాయలు తలమీద మోయించి రోడ్డుకు చేర్చాడు. సగం కాయలు దెబ్బ తిన్నాయి. తర్వాత నాలుగేళ్లు మాటల్లేవు. అన్నకు ఆరోగ్యం దెబ్బతిని మనసు మెత్తబడ్డాక నన్ను పిలిపించాడు. ‘అయ్యగారూ, దారికి రెండు సెంట్లు కాదు, ఐదు సెంట్లు రాసిస్తా. రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా నాదే. వాని గడప మాత్రం తొక్కను. కాగితం మీరే ఇచ్చి రండి’ అన్నాడు.

నేను ఆ కాగితం పట్టుకుని వెళ్లేవాణ్ణే, నిజం చెబుతున్నాను. అక్కడ గొడ్ల దగ్గర పేడ ఎత్తుతున్న ఒక ఆడమనిషి, వాళ్ల తోటలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నామె, మా మాటలు వింటూ ఉంది. చెయ్యి కడుక్కోకుండానే వచ్చి, ‘పోయి రా అన్నా, ఏం పోతింది? కాళ్లేమన్నా అరిగిపోతాయా? అంత భూమి ఇచ్చేవానివి’ అనింది. ఆయన ఆమె వంక చాలాసేపు చూశాడు. తర్వాత చొక్కా వేసుకున్నాడు.

వెళ్లాం. తమ్ముడు ఇంట్లో లేడు. మరదలు చెంబుతో నీళ్లిచ్చి లోపలికి పోయింది. అరుగు మీద అరగంట కూర్చున్నాం. తమ్ముడు వచ్చాడు, అన్నను చూశాడు, ఒక్క మాట మాట్లాడకుండా లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. అన్న ముఖం చూడలేకపోయాను. దారిలో ‘ఇంక చాలు అయ్యగారూ’ అన్నాడు. నేను ఏడుసార్ల సంగతి గుర్తుచేశాను. రెండోసారి వెళితే తమ్ముడు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, కూర్చోలేదు. మూడోసారి ‘వదిన బాగుండాదా?’ అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకే అన్న ఏడ్చేశాడు. భూమి సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. కంచె తీసింది తర్వాత నెలలో.

అందుకే చెబుతున్నాను, ఒక్కసారి వెళ్లి రాగానే పని అయిపోతుందని అనుకోవద్దు. నయమాను ఆరోసారి మునిగి లేచినప్పుడు ఒంటి మీద ఏమైనా తేడా కనపడిందా? కథలో ఆ మాట లేదు. ఏడోసారి తర్వాతే అతని ఒళ్లు పసిపిల్లవాని ఒంటిలా అయిందని ఉంది. ‘నేను వెళ్లాను, ఆయనే మాట్లాడలేదు, నా పని నేను చేశాను’ అని ఒక్కసారితో చేతులు దులుపుకోవడం కూడా మొండితనంలో ఒక రకమే. మూడేళ్లు ఆయన గుండెలో పెట్టుకున్నది పావుగంటలో కరగాలంటే ఎలా?

నాకు బాగా ఇష్టమైన విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. నయమాను భార్యకు పనిచేసే పిల్లను ‘చిన్న పిల్ల’ అంటారు కదా, చివర్లో అతని ఒంటిని పోల్చిన ‘చిన్న పిల్లవాడు’ అనే మాట కూడా హీబ్రూలో అదే జంట పదం, ఒకటి ఆడపిల్లకు, ఒకటి మగపిల్లవాడికి. ఆ తర్వాత అతను తిరిగి వచ్చి ఎలీషా ముందు నిలబడి మాట్లాడిన నాలుగు వచనాల్లో తనను తాను ‘నీ దాసుడు’ అని ఐదుసార్లు చెప్పుకుంటాడు. గుమ్మం దగ్గర నుంచి కోపంతో తిరిగిపోయిన మనిషి మాటతీరు అది! నయమైంది చర్మం ఒక్కటే అయితే కథకుడు ఇంత జాగ్రత్తగా మాటలు ఏరి పెట్టడు.

ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఇవి వదిలేసి ఈ కథ చెబితే మనుషులకు గాయం అవుతుంది. నేనే చేశాను.

పాస్టరుగా కొత్తలో ఒక ఆదివారం ఈ అధ్యాయం తీసుకుని, కుష్ఠు అంటే పాపానికి, గర్వానికి గుర్తు అని గంటసేపు ప్రసంగించాను. ఆరాధన అయ్యాక అందరూ వెళ్లిపోయేదాకా ఒక పెద్దాయన ఆగాడు. వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉంటాయి, పాటల పుస్తకం రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకుంటాడు. వేలూరు దగ్గర కరిగిరిలో వైద్యం చేయించుకుని చాలా ఏళ్ల కిందటే నయమైన మనిషి. ‘అయ్యగారూ, నా జబ్బు ఎప్పుడో పోయింది. ఈ పొద్దు మళ్లా వచ్చినట్టుంది’ అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు.

ఆయన్ని వెంటనే ఆపి క్షమించమని అడగాలి. అడగలేదు. ‘నా భావం ఆయనకు అర్థం కాలేదులే’ అని రెండు వారాలు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రెండు ఆదివారాలు ఆయన చోటు ఖాళీగా ఉంది. మూడో వారం ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. ముడుచుకున్న వేళ్లతో వీలు కాదు కాబట్టి అరచేతి మడమల మధ్య కాయ పెట్టి నొక్కుతాడు, టప్పుమని పగులుతుంది. నేనూ కింద కూర్చుని ఒలిచాను. కాసేపటికి ‘ఆ రోజు నేను చెప్పింది తప్పు’ అన్నాను. ఆయన తల ఎత్తకుండానే ఒలిచిన విత్తనాలు నా వైపు జరిపాడు. ఆ తర్వాతి ఆదివారం వచ్చాడు.

కాబట్టి ఇది గుర్తుంచుకోండి. నయమానుకు రోగం గర్వం వల్ల వచ్చిందని ఈ అధ్యాయంలో ఎక్కడా లేదు. తెలుగు బైబిల్లో కుష్ఠు అని రాసిన ఆ హీబ్రూ పదాన్ని పాత నిబంధనలో రకరకాల చర్మరోగాలకు, బట్టల మీద, గోడల మీద పట్టే బూజు లాంటి మచ్చలకు కూడా వాడారు. ఈనాటి కుష్ఠు ఒక బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ దాన్ని గుర్తించాడు. ఇప్పుడు మందులతో 6 నుంచి 12 నెలల్లో నయమవుతుంది. ఆ జబ్బును ఎవరి గుణానికీ ముడిపెట్టకూడదు.

రెండో జాగ్రత్త. గట్టిగా నిలబడటమంతా మొండితనం కాదు. రాజు అహాబు అడిగినా నాబోతు తన పితరుల ద్రాక్షతోట అమ్మనన్నాడు, దాని కోసం ప్రాణమే పోయింది. బైబిలు అతన్ని తప్పు పట్టలేదు, రాజునే పట్టింది. ఎలీషా కూడా నయమాను ఇచ్చిన కానుక ఎంత బతిమాలినా తీసుకోలేదు. ఇంట్లో దెబ్బలు తినే ఆడపిల్లకు ‘తగ్గి ఉండు, నయమానులా మునుగు’ అని ఈ కథ చూపించి చెప్పేవాళ్లను చూశాను. అది ఘోరం. ఆమె మీద చెయ్యి ఎత్తినవాడు మునగాలి. నేను ఒక ప్రశ్న వేసి చూస్తాను. నా పట్టుదల వల్ల ఎవరికి రక్ష? బలహీనుడికి, న్యాయానికి రక్షగా ఉంటే నిలబడతాను. నా ముఖం చిన్నబోకుండా కాపాడటానికే అయితే దిగాలి. మీ విషయంలో జవాబు మీరే రాశారు, ‘తప్పు నాదే’ అని.

మూడోది, సౌలు రాజులా వెళ్లకండి. మొదటి సమూయేలు 15వ అధ్యాయంలో సౌలు ‘పాపం చేశాను’ అంటాడు, ఆ వెంటనే ‘అయినా జనం పెద్దల ముందు నన్ను గౌరవపరచు’ అని ప్రవక్త సమూయేలును బతిమాలతాడు. తప్పు ఒప్పుకుంటూనే పరువు లెక్క చూసుకున్నాడు. పెద్దమనుషుల్ని వెంటేసుకుని రాజీకి వెళ్లేవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మీరు ఒంటరిగా వెళ్లండి. అయితే నోరు పారేసుకున్నది పదిమందిలో కాబట్టి, ఆయన ఇష్టపడితే తర్వాత ఆ పదిమందిలోనూ చెప్పాల్సి ఉంటుంది. అది రెండో మెట్టు.

ఎలా వెళ్లాలో కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. ఫోన్లో అడగొద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. డబ్బు, బట్టలు, స్వీట్ల డబ్బా ఏదీ తీసుకెళ్లకండి, ఈ ఒక్కసారికి ఖాళీ చేతులతోనే పోండి. ‘నేనలా అన్నాను గానీ నువ్వు కూడా...’ అనే వాక్యం మొదలుపెట్టొద్దు. ‘గానీ’ నోటి దాకా వస్తే మింగేయండి. ఆయన తిట్టినా, లేచి లోపలికి పోయినా అరుగు మీద కాసేపు కూర్చుని, అమ్మ పెట్టిన సంగటి తిని, మళ్లీ ఎప్పుడొస్తారో అమ్మకు చెప్పి రండి. చెప్పిన రోజుకు వెళ్లండి. స్లాబు సంగతి ఆయనే ఎత్తేదాకా ఎత్తకండి.

తిరుపతి నుంచి పలమనేరుకు పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ముందే ఊళ్లో ఉంటారు. ఈ ఆదివారం వీలుకాకపోతే వచ్చే ఆదివారం. దాన్ని దాటించకండి. వెళ్లొచ్చాక ఇక్కడ రెండు ముక్కలు రాయండి తమ్ముడూ. ఆయన తలుపేసుకున్నా సరే రాయండి, రెండోసారి ఎలా వెళ్లాలో మాట్లాడుకుందాం.